చీమలు వలసపోయిన కార్డు

మా డ్రాయింగ్ సారు పోయారని పోయిన సోమవారం పొద్దున తెలిసింది. అప్పుడే చేవెళ్లలో నా ఇంటర్నెట్ షాపు షట్టర్ ఎత్తుతున్నాను. మళ్లీ దించేసి వాళ్లింటికి నడిచాను.

ఆయన బడిలో నాకు పాఠం చెప్పకముందే నా బొమ్మ గీశారు. బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు మా బాపు ఫౌజులో, సరిహద్దు మీద ఉన్నాడు. నేను ఇంకా బడికి పోని పిల్లను. ఇంట్లో చక్కెర లేదు, దీపంలోకి గాసునూనె లేదు. అమ్మకు రాయడం రాదు. పోస్టుకార్డు పట్టుకొని, మా పక్కింట్లోనే ఉండే ఈ సారు దగ్గరికి పోయింది.

"అన్నీ ఉన్నయని రాయుండ్రి సారూ. ఆయన ఫికర్ పడొద్దు."

"అన్నీ ఉన్నయంటే ఫౌజోడు నమ్మడమ్మా. ఏం లేదో నవ్వుకుంట చెప్దాం," అన్నారాయన.

కార్డు మీద మా ఖాళీ చక్కెర డబ్బా గీశారు. చీమలు మూటాముల్లె సర్దుకొని వలసపోతుంటే, జారిపోయే గౌనుతో నేను వాటికి టాటా చెబుతున్నాను. ఇంకో కార్డులో కంట్రోల్ దుకాణం లైను. నిలబడలేక జనం తమ జాగాలో రాళ్లు పెట్టి పోయేవాళ్లు కదా, ఆ రాళ్ల మధ్య నన్నూ ఒక రాయిలా కూర్చోబెట్టారు మహానుభావుడు!

"చీమలు మళ్ల వచ్చినయా?" అని బాపు జవాబు రాశాడు. సారు అది చదివి వినిపిస్తే, ఎన్నాళ్లకో అమ్మ నవ్వింది.

ఈమధ్య సారు సాయంత్రాలు నా షాపులోనే కూర్చునేవారు. మొయినాబాద్ మీదుగా సిటీకి తిరిగే కంపెనీ బస్సులు చూస్తూ, షాపుకొచ్చే పిల్లల ఈమెయిళ్లను వెక్కిరించేవారు. "చేతిరాత లేని ఉత్తరం, ఉప్పు లేని పప్పు బిడ్డా!"

ఆయన ఒక్కగానొక్క కొడుకూ ఫౌజులోనే. ఒంట్లో రక్తం పడిపోతోందని, ఎక్కువ రోజులు లేవని దవాఖానలో చెప్పిన నాడు సారు నా దగ్గరికి వచ్చారు.

"వానికి బాగున్న అని రాసిన. అంత దూరం ఉన్నోనికి గీ ముచ్చట ఎందుకు?"

నాకు కోపమొచ్చింది. "బాగున్న అంటే ఫౌజోడు నమ్ముతడా సారూ? మా అమ్మకేం చెప్పిండ్రు?"

 సారు కొత్త కార్డు అడిగారు. నిక్కరేసుకున్న పిల్లాణ్ని గీశారు, మొహం మాత్రం తనదే, కళ్లద్దాలతో సహా. ఎదురుగా సూది పట్టుకున్న నర్సమ్మ. పిల్లాడి మెడలో బోర్డు: "రక్తం స్టాకు లేదు."

కొడుకు అది చూసి పగలబడి నవ్వాడట. ఆ వెంటనే పోయి సెలవు అడిగాడట. సమయానికి వచ్చాడు. 

చివరి ఆదివారం నేను చూడబోయేసరికి సారు వేళ్లలో పెన్సిల్ నిలవడం లేదు. మంచం మీద వెనక కూర్చొని, పిల్లలకు అక్షరాలు దిద్దించినట్టు కొడుకు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి మంచం పక్క గోడ మీద ఎవరి మొహమో గీస్తున్నారు.

"ముక్కు వంకర పోయింది రా."

"నీ చెయ్యే బాపూ."

"కాదు, నీదే."

అట్లా పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఇద్దరిలో ఎవరూ చెయ్యి వదల్లేదు.