రాజన్నకు చిన్నాయన చెప్పుకున్నవి

మా చిన్నాయన పోయిన నెల, బతుకుదెరువుకు మేం వలసొచ్చిన ఈ మగ్గాల ఊళ్లో, కనేరి పేటలో, తాను పనిచేసే కార్ఖానాలోనే కన్నుమూశాడు. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. ఆగిపోయిన సాంచాను బాగుచేస్తూ ఛాతీ పట్టుకుని కూర్చున్నాడట. రిక్షా వచ్చేలోపే ప్రాణం పోయింది. ఫోన్లో ఆ మాట వినగానే నాకు దుఃఖం కంటే ముందు భయం వేసింది. చిన్నమ్మకు ఎట్లా చెప్పాలి? తీరా వెళ్లాక, నేను నోరు తెరవకముందే ఆమెకు నా ముఖం చూసి తెలిసిపోయింది.

ఎనిమిదేళ్ల కిందట పక్షవాతంతో చిన్నమ్మకు కుడివైపు పడిపోయింది, మాట కూడా పోయింది. వాళ్లకు పిల్లలు లేరు. సాంచాలు రిపేరు చేసే మనిషి కదా, మొదట్లో చిన్నాయన ఇదీ బాగవుతుందనే అనుకున్నాడు. డాక్టర్ల చుట్టూ తిరిగాడు. మాట వస్తే వేములవాడ రాజన్న గుడికి పోయి కోడెను కడతానని దేవునికి మొక్కుకున్నాడు. మాట రాలేదు.

శాంతి నగర్‌లో వాళ్లది ఒక్క గది. పనికి పోయే ముందు చిన్నమ్మకు తల దువ్వి జడ వేసేవాడు. ఇన్నేళ్లు వేసినా ఆ జడ ఏనాడూ తిన్నగా కుదరలేదు. ఆమె అద్దంలో చూసుకుని నవ్వేది. తర్వాత రాజన్న పటం ముందు నిలబడి, వాకిట్లోకి వచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. నిన్న ఆమె ఎంత తిన్నదీ, కాలు ఎంత కదిలిందీ, ఎందుకు ఏడ్చిందీ అన్నీ చెప్పేవాడు. అడగడం చివర్లో, అదీ ఒక్క మాట.

నా భార్యకు రెండోసారి కూడా కడుపు నిలవకపోవడంతో నేను దండం పెట్టడం మానేశాను. అప్పుడు ఆస్పత్రికి వచ్చిన చిన్నాయన దేవుడి మాటే ఎత్తలేదు. నా పక్కన కూర్చుని, తెగిన నా చెప్పును తీగతో బిగించి ఇచ్చాడు.

తర్వాత ఒకరోజు నా కోపం ఆయన మీదే చూపించాను. ఇన్నేళ్లుగా వినని దేవునికి ఇంకా ఏం చెప్తావని అడిగాను.

"నాకు గూడ నమ్మకం రోజూ ఉండదు బిడ్డా," అన్నాడు. "కొన్ని దినాలు గోడకు చెప్పినట్టే ఉంటది. అయినా చెప్త. చెప్పుడు బంద్ జేస్తే లోపల ఎండిపోతనేమో అని భయం."

మరి కోడె మొక్కు సంగతేమిటన్నాను. మాట కోసం అడగడం ఎప్పుడో మానేశానన్నాడు. చిన్నమ్మకు వినబడకుండా గొంతు తగ్గించాడు.

"ఇప్పుడు ఒక్కటే అడుగుతున్న. ఆమెకన్న ముందుగాల నన్ను తీస్కపోకని."

అదీ నెరవేరలేదు.

కర్మ అయ్యాక చిన్నమ్మను టెంఘర్‌లోని మా ఇంటికి తెచ్చుకున్నాం. చూడవచ్చినవాళ్లు, ఆయన మొర ఆలకించి దేవుడు ఆమెకు మిమ్మల్ని చూపించాడన్నారు. నాకది మింగుడు పడలేదు. ఆయన అడిగింది అది కాదు.

మొన్న సోమవారం చిన్నమ్మ కోసమని, ఆమెతో పాటు తెచ్చిన రాజన్న పటం ముందు దీపం పెట్టాను. ఆమె గోడ పట్టుకుంటూ వచ్చి నా భుజానికి ఆనుకుని నిలబడింది. ఎడమ చెయ్యి ఛాతీ దాకా ఎత్తింది. కుడిది లేవలేదు. కాసేపు దానివైపు చూసి, నా చెయ్యి అందుకుని, తన అరచేతికి నా అరచెయ్యి ఆనించి దండం పెట్టి కళ్లు మూసుకుంది. నేను మూసుకోలేదు. చప్పుడు లేకుండా కదులుతున్న ఆమె పెదవులనే చూస్తూ, ఆమె చెయ్యి దించేదాకా అట్లాగే నిలబడ్డాను.