యోహాను తిన్న అరిసెలు

ఎనభైల మొదట్లో జెర్సీ సిటీలో మా తెలుగు చర్చి ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో నడిచేది. సాయంత్రాలు కాలేజీలో తొలినాటి క్రైస్తవుల చరిత్ర చదువుతున్నానని బైబిల్ క్లాస్ నాకు అంటగట్టారు.

ఒకవారం ఎబియోనీయుల గురించి చెప్పాను. వాళ్లు యేసును నమ్మి, మోషే ధర్మశాస్త్రాన్నీ వదలని యూదులు, మాంసం ముట్టరు. వాళ్ల సువార్త పోయింది. వాళ్లను ఖండిస్తూ ఒక బిషప్పు రాసిన పుస్తకంలో, తప్పుపట్టడానికని ఎత్తి రాసిన నాలుగు ముక్కలే మిగిలాయి. ఆ ముక్కల్లో బాప్తిస్మమిచ్చే యోహాను మిడతలు తినడు. అడవి తేనె ఒక్కటే. దాని రుచి నూనెలో చేసిన రొట్టెలా ఉంటుందట.

"మన అరిసెల్లాగన్నమాట," అన్నాను.

వంటలు చూసే గుంటూరు ఆంటీ గరిటెతో సహా లేచింది. "ఏం బ్రదర్, బైబిల్లో మిడతలని క్లియర్‌గా ఉంటే నువ్వొచ్చి కరెక్ట్ చేస్తావా?"

ఆ రోజు క్లాసులో ఉన్నది ఆరుగురం. ఆవిడ మాత్రం కొత్తగా ఎవరొచ్చినా, భోజనాల దగ్గర కథంతా మొదటినుంచీ చెప్పి మరీ నన్ను తిట్టేది. నాకు ఒళ్లు మండేది. అయినా ఆవిడ కోడికూర రెండోసారి వేయించుకోకుండా లేచేవాణ్ణి కాదు.

ఎనభైల చివర టెక్సాస్‌కి మారాం. నా నోట్సు ఆ సామాన్లలో ఎక్కడో పోయింది. అక్కడి చర్చిలో, జెర్సీ సిటీ నుంచి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి నవ్వుతూ అంది: "అంకుల్, ఎవరో పిచ్చాయన యోహాను అరిసెలు తిన్నాడని టీచ్ చేశాడంట. అక్కడ ఒక ఆంటీ ఇప్పటికీ తిడుతుంది."

మొత్తం చెప్పమన్నాను. ఎబియోనీయులు, ధర్మశాస్త్రం, తేనె, నూనె రొట్టె... ఒక్క ముక్క పోలేదు.

ఆ పిచ్చాయనెవరో నేను చెప్పలేదు.