చెల్లి మెడ నిలిపిన రోజు

మొన్న ఏలూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ మా మునిమనవడి రెండు చేతులూ పట్టుకుని మెల్లగా పైకి లేపి, మెడ బాగా నిలుపుతున్నాడండీ అని కార్డు మీద రాసుకుంటుంటే మావాళ్లందరూ మురిసిపోయారు గాని, నాకు మాత్రం కళ్లు చెమర్చి, వరండాలోకి వెళ్లి కూర్చోవలసి వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చి ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో అయిన రోజులు. మాది మండవల్లి వైపు కొల్లేటి లంక. చుట్టూ నీళ్లే, ఎక్కడికి పోవాలన్నా పడవే. నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మకు నొప్పులొచ్చాయి. మొదటిరోజే ఏలూరు తీసుకువెళ్దామని నాన్న పడవ సిద్ధం చేస్తే, ఊరందరికీ పురుడు పోసిన మంత్రసాని ఉండగా కదిలించడం దేనికని నాయనమ్మ ఆపింది. మర్నాటి ఉదయానికి మంత్రసానే ఇక నావల్ల కాదంది. మంత్రసానినీ ఎక్కించుకుని నాన్న గెడ వేస్తుంటే, నేను అమ్మ తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఒడ్డు ఇంకా కనబడకుండానే చెల్లి పడవలో పుట్టింది. ఒళ్లంతా నీలం, ఏడుపు లేదు. మంత్రసాని దాని వీపు రుద్ది, పాదాలు తట్టి, నోట్లో ఊపిరి ఊది, ఎంతసేపటికో పిల్లికూన మూలిగినట్టు ఒక్క కూత తెప్పించింది. బతికిందన్న సంతోషంలో పడవను వెనక్కి తిప్పేశాం.

మన తరం ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు, పిల్లలు బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచిపెట్టుకునేవాళ్లం. ఆ ఏడు పిల్లలు పుట్టిన ఇళ్లన్నిటి నుంచీ మా ఇంటికి బొబ్బట్లొచ్చాయి, మా ఇంటి నుంచి మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. ఏడాది నిండినా చెల్లికి మెడ నిలవలేదు; ఎత్తుకుంటే తల వెనక్కి వాలిపోయేది, కాళ్లు కర్రల్లా బిగుసుకునేవి. కాళ్లకు బలం వస్తుందని నాయనమ్మ ఇసుకలో గొయ్యి తీసి, చెల్లిని అందులో నడుము దాకా నిలబెట్టి, తల తన అరచేతుల్లో పట్టుకుని పొద్దుటెండలో అలాగే కూర్చునేది. చివరికి ఏలూరులో చూపిస్తే, పుట్టినప్పుడు ఊపిరందక మెదడు దెబ్బతిందనీ, దానికి మందు లేదనీ చెప్పారు.

తిరుగు పడవలో నాయనమ్మ అమ్మతో, "ఆ రోజు వాడు బయల్దేరదామంటే నేనే ఆపానమ్మా" అంది.

అమ్మ, "మీరు మాత్రం కావాలని ఆపారా అత్తయ్యా" అంటూ చెల్లిని ఆవిడ ఒళ్లో పెట్టింది.

మూడేళ్లు దాటాక ఒకనాడు, వాకిట్లో చాప మీద నేను బోర్లా పడుకోబెట్టిన చెల్లి, బాతుల అరుపులు విని, వణుకుతూనే తలెత్తి చూసి నవ్వింది. అమ్మ లోపలికి వెళ్లి శనగపప్పు ఉడకేసింది. ఆ సాయంత్రం ఇంటింటికీ బొబ్బట్లు నేనే మోసుకెళ్లాను. ఎందుకని ఒక్కరూ అడగలేదు.

ఆ వానాకాలమే దగ్గు పట్టుకుని, వారం తిరగకుండా చెల్లి పోయింది.

ఇప్పుడు మా లంకకు రోడ్డుంది. నొప్పులు మొదలయ్యాయని ఫోన్ చేస్తే బండి గుమ్మం ముందుకొస్తుంది. మంచి కాలమే వచ్చింది, కాదనను. చెల్లి ఉంటే దానికీ డెబ్బై ఏళ్లుండేవి. అమ్మ, నాన్న, నాయనమ్మ అందరూ వెళ్లిపోయారు. అది నవ్వితే ఎలా ఉండేదో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.