హేగన్ ప్యాంటుకు తోలు పిడులు

1904లో అయోవాలోని హార్లో కాలేజీవాళ్లు లెమ్యుయెల్ స్ట్రోమ్‌ను ఒక్క సీజనుకే ఫుట్‌బాల్ కోచ్‌గా పెట్టుకున్నారు. చివరి ఆటలో బ్రాడీ కాలేజీని ఓడిస్తేనే ఉద్యోగం నిలిచేది. లేకపోతే మళ్లీ నాన్న కొట్లో గుర్రపు జీన్లు కుట్టుకోవడమే.

ఆ కొట్లోనే అతనికో ఉపాయం తట్టింది. ఆ రోజుల్లో అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని చంకలో పెట్టుకుని దూసుకెళ్లేవాణ్ణి, అవతలి గీత దాటించడానికి సొంత జట్టువాళ్లే పట్టి ముందుకు లాగేవాళ్లు. చెమటకి చేతులు జారిపోయేవి. స్ట్రోమ్ తోలు పిడులు కోసి, జట్టులో బంతి పట్టుకుని దూసుకెళ్లే ఆల్విన్ హేగన్ ప్యాంటు నడుముకి రెండువైపులా గట్టిగా కుట్టేశాడు.

"ఇక నువ్వు మనిషివి కాదురా, పెట్టెవి!" అన్నాడు కెప్టెన్ డోర్సీ.

"సరేగానీ, నన్ను రైల్లో మర్చిపోయి దిగిపోకండ్రా!" అన్నాడు హేగన్.

ఆ పిడులతోనే వరసగా గెలుచుకుంటూ వచ్చారు. బ్రాడీతో మాత్రం సగం ఆటయ్యేసరికి చెరిసమానం. విరామంలో హేగన్ వచ్చి కోచ్ పక్కన కూలబడ్డాడు.

"కోచ్, మెడ దగ్గర్నించి చెయ్యంతా తిమ్మిరెక్కిపోయింది. వేళ్లు తెలీట్లేదు. కాసేపు కూర్చోనా?"

బయటికొచ్చినవాడు మళ్లీ ఆటలోకి రాకూడదని అప్పటి రూలు. స్ట్రోమ్ చుట్టూ చూశాడు. వినేంత దగ్గర్లో ఎవరూ లేరు.

"కూర్చుంటే అంతా అయిపోయినట్టేరా. ఒక్కసారి బంతిని గీత దాటించు నాన్నా, తర్వాత ఎంతసేపైనా పడుకో."

హేగన్ తలూపి లేచాడు.

గీత దగ్గర హార్లోవాళ్లు పిడులు పట్టి ఇటు లాగారు. బ్రాడీవాళ్లు మెడ పట్టుకుని అటు వేలాడారు. కుప్పలోంచి లేచినవాళ్లు గెలిచామని ఎగిరి గంతులేస్తున్నారు. హేగన్ లేవలేదు. మంగళవారం పోయాడు.

అంత్యక్రియల రోజు చర్చి మెట్ల మీద కాలేజీ ప్రిన్సిపాల్ స్ట్రోమ్‌ను పక్కకి పిలిచాడు. "కుర్రాడు ముందే నొప్పని చెప్పుంటే సంగతి వేరు మిస్టర్ స్ట్రోమ్. చెప్పలేదుగా? అయితే వచ్చే ఏడాదీ మీరే."

లోపల హేగన్ తల్లి వేడి కాఫీ తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"కోచ్ గారూ, మా వాడు... నొప్పిగా ఉందని మీతో ఏమన్నా అన్నాడా?"

ప్రిన్సిపాల్ గుమ్మంలో నిలబడి వింటున్నాడు.

"లేదమ్మా. ఏమీ అనలేదు."

"అనడు. చిన్నప్పట్నించీ అంతే," అందావిడ. "ఆటకి ముందు ఆదివారం ఇంటికొచ్చినప్పుడు మెడ రుద్దుకుంటూ కూర్చున్నాడు. నేనే అడగాల్సింది బాబూ. తప్పు నాదే."

స్ట్రోమ్ కాఫీ తాగాడు.

అతను హార్లోలోనే కోచ్‌గా ముసలివాడయ్యాడు. దారిలో ఎదురైతే ఆవిడే ముందు పలకరించేది.