ఫిరంగిగుట్ట మీద సాయమ్మవ్వ

మా ఆవిడ రూతమ్మ పుట్టింటి వాళ్ల ఇంటిపేరు జాకోళ్లు. మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో ఇలాంటి ఇంటిపేరు నేను మరొకటి వినలేదు. వెనకటి కాలంలో నిజాం ఫౌజులో ఫ్రెంచి వాళ్లు ఫిరంగులు నడిపేవారు. ఇంగ్లీషు వాళ్ల మాట మీద ఆ పటాలాన్ని రద్దు చేసినప్పుడు చాలామంది వెళ్లిపోయారు. జాకు అనే అతను మాత్రం వెళ్లలేదు. దిండి వాగు అవతల ఒక గుట్ట పక్కన రాళ్ల భూమి దున్నుకుని, వాగుకు ఇవతలి పల్లెలోని కూలి ఇంటి పిల్ల సాయమ్మతో కాపురం చేశాడు. వాళ్ల సంతతే జాకోళ్లు. దొర మతం పిల్లలకు రాలేదు, దొర భూమి కూడా నిలవలేదు. తర్వాతి తరాలు తల్లి పల్లెకే తిరిగి వచ్చి కూలి చేసుకుని బతికాయి. రూతమ్మ తాతల కాలంలో మిషను వాళ్లు వచ్చాక క్రైస్తవులయ్యారు. ఊళ్లో ఎవరికైనా వాళ్ల మీద కోపం వస్తే నోటికి వచ్చే మాట ఒకటే: ఫిరంగోడు ఉంచుకున్నదాని మనుమలు.

రూతమ్మ తాత చెల్లెలు, పుట్టింట్లోనే ఉండిపోయిన అవ్వ, ఈ మాట పుట్టినప్పటి నుంచి వింటోంది. ఈ ఏడాది మాఘంలో ఆంత్వాన్ గారనే పెద్దమనిషి యానాం నుంచి మాకు జాబు రాశారు. ఆయన ఫ్రెంచి కచేరీలో పనిచేసి పదవి విరమించిన ఉద్యోగి. జాకు తమ్ముడి మునిమనవడు. ఫ్రాన్సు నుంచి మొదట వచ్చి స్థిరపడ్డ కుటుంబాల వంశాలు సేకరించి పుస్తకం వేస్తున్నారట, జాకు శాఖ కూడా చేర్చాలట. ఊరికి పోయి అవ్వకు చదివి వినిపించాను. ఆమె మంచం మీద లేచి కూర్చుంది.

"రమ్మను. వచ్చి కండ్లార చూసి రాసుకోమను. మా సాయమ్మవ్వ కట్టుకున్న పెండ్లమని దొర చేతితోని రాస్తె, గీ ఊరోళ్ల నోర్లు ఎట్ల మూసుకపోవో చూస్త."

అందుకే ఈ ప్రయాణం. మా వైపు పాత సమాధులు చూడదలచిన వారికి పనికివస్తుందని దారి కూడా రాస్తున్నాను.

ఆంత్వాన్ గారు బెజవాడ మీదుగా రైల్లో భువనగిరి దిగి, అక్కడి నుంచి బస్సులో నల్గొండ వచ్చారు. నేను నల్గొండలో బడి పంతులును. మరునాడు తెల్లవారుజామున రూతమ్మను, ఆయనను తీసుకుని దేవరకొండ బస్సు దగ్గరికి వెళ్లాను. యుద్ధం మూలంగా పెట్రోలు లేదు, బస్సులు బొగ్గు గ్యాసుతో నడుస్తున్నాయి. ఆరు గంటల బస్సు అంటే ఆరింటికి పొయ్యి రాజేయడం మొదలుపెడతారని అర్థం. వెనక కట్టిన ఇనుప పీపాలో బొగ్గు అంటుకుని బండి కదిలేసరికి ఏడు దాటింది. టికెట్టుకు నిజాం సర్కారు హాలీ పైసలే తీసుకుంటారు. ఇంగ్లీషు వాళ్ల కల్దారు రూపాయలతో వచ్చేవారు నల్గొండలోనే మార్చుకోవాలి. ఆంత్వాన్ గారి దగ్గర కల్దారే ఉంది కాబట్టి ఆ పూట టికెట్లు నేనే తీశాను.

డ్రైవరు మా వైపు తిరిగి ఆయన టోపీని చూశాడు. "సారు యాడికెళ్లి వచ్చిండు?"

"ఫ్రాన్సు వాళ్ల వంశం" అన్నాను.

డ్రైవరు అద్దంలో ఇంకోసారి చూశాడు. "ఫ్రాన్సోళ్లంటె తెల్లగుంటరనుకున్న. గీన మా బావ లెక్కనే ఉన్నడు గద!"

బస్సంతా నవ్వింది. ఆంత్వాన్ గారు నొచ్చుకోలేదు. "నూట యాభై ఏళ్లు గోదావరి ఎండలో ఉన్నామండీ, నలుపెక్కమా మరి?" అన్నారు.

దేవరకొండకు ముందు ఒక ఎత్తు ఉంది. అక్కడ అందరూ దిగి బస్సును తోయాలి. ఆడవాళ్లకు, ముసలివాళ్లకు మినహాయింపు అని డ్రైవరు అన్నాడు. ఆంత్వాన్ గారు తాను ముసలివాడినని ఒప్పుకోలేక మాతోపాటు తోశారు. దేవరకొండ చేరేసరికి ఎండ ముదిరింది. బస్సు ఆగే చోటుకు ఎదురుగా ఒక పెద్దమ్మ పూటకూళ్లు నడుపుతుంది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఎర్రకారం. కడుపు నిండుతుంది, కడుపులో మంట కూడా పెడుతుంది.

"అన్నం దొరకదాండీ?" అని ఆంత్వాన్ గారు అడిగారు.

"బియ్యం బువ్వనా? యుద్ధమైనంక రా బిడ్డా, వండిపెడ్త" అంది పెద్దమ్మ, రొట్టె తడుతూనే.

అక్కడి నుంచి దిండి వైపు పోయే మరో బస్సు పట్టుకుని, దారిలో దిగి, అత్తగారి పల్లె వరకు ఎడ్లబండి మాట్లాడుకున్నాం. దారిలో దాటే ఒక చిన్న వాగులో మోకాలి లోతు కూడా నీళ్లు లేవు. అదే శ్రావణంలో అయితే ఈ దారి మూసుకుపోతుంది. ఈ ప్రయాణం సంక్రాంతి తర్వాత, ఎండలు ముదరక ముందు పెట్టుకోవాలి. పొద్దు గుంకే వేళకు ఊరు చేరాం. ఊరి మొదట్లో కల్లు దుకాణం ఉంది. దాని ముందు కూర్చున్న దుకాణదారు, అవ్వను ఎప్పుడూ దెప్పేవాళ్లలో ఒకడు, టోపీ చూసి లేచి నిలబడ్డాడు.

"దొర దిగిండా? జాకోళ్లకు భూములు పంచెతందుకు వచ్చిండా ఏంది!"

రూతమ్మ బండి మీద నుంచే అంది: "నీకెందుకు ఫికర్? నీ కల్లుల నీళ్లు నువ్వు కలుపుకో."

ఇంట్లో అవ్వ ఆంత్వాన్ గారి చేయి పట్టుకుని చాలాసేపు వదలలేదు. "అన్నదమ్ముల సంతతి. మాకు పాలోడివే నువ్వు. మా ఇంట్ల చావైతె నువ్వు తానం జెయ్యాలె, ఎర్కేనా?" అంది. పాలివాళ్లంటే తండ్రి వైపు దాయాదులు. ఒక ఇంట్లో చావు జరిగితే అందరికీ మైల. ఆంత్వాన్ గారు తలూపారు గానీ, ఆ మాటకు ఆయన ముఖం కొంచెం బిగుసుకుంది.

పొద్దున్నే అదే బండి మీద ఫిరంగిగుట్టకు బయలుదేరాం. ఊరి నుంచి వాగు దాటి గంటన్నర దారి. గుట్ట చిన్నదే అయినా బండి పైకి పోదు. నేను అంతకు ముందు ఎప్పుడూ ఎక్కలేదు. అవ్వ కర్ర పట్టుకుని మెల్లగా నడుస్తానంది, రూతమ్మ ఆమెతో ఆగింది. ఆంత్వాన్ గారూ నేనూ ముందు ఎక్కాం. పైన తుమ్మ పొదల మధ్య సున్నం కట్టిన సమాధి ఒకటి కనిపించింది. మీద శిలువ గుర్తు అరిగిపోయింది. ఆయన టోపీ తీసి శిలువ గుర్తు వేసుకున్నారు. తర్వాత టేపు తీసి పొడవు, వెడల్పు కొలిచారు. సమాధికి రెండు పక్కలా పొదలు తొలగించి చూశారు. పక్కన ఏమీ లేదు.

"ఒక్కడే ఉన్నాడండీ. భార్య ఉంటే పక్కనే ఉండాలి" అంటూ, సమాధికి కాళ్ల వైపు అడ్డంగా ఉన్న చదునైన బండ మీద కూర్చుని రాసుకోవడం మొదలుపెట్టారు. వచ్చేవాళ్లు కూర్చోవడానికి ఎవరో వేసిన బల్లలా ఉంది అది. నేను కూడా నీళ్ల చెంబు దాని మీదే పెట్టాను.

అవ్వ పైకి వచ్చింది. వచ్చీ రాగానే కర్ర ఎత్తింది.

"లే! లెవ్వయ్యా! మా సాయమ్మవ్వ మీద కూసున్నవ్!"

ఆంత్వాన్ గారు ఎగిరి లేచారు. కాగితాలు కింద పడ్డాయి. నేను గబుక్కున చెంబు తీశాను.

"ఇది బల్ల కాదాండీ?"

"బల్లనా? గుట్ట మీద నీకు బల్ల ఎవడేస్తడు?"

"కాదు మామ్మగారూ, మా వాళ్లలో భార్యాభర్తలు పక్కపక్కనే, ఒకే దిక్కుగా ఉంటారు. ఇదేమో అడ్డంగా ఉంది..."

"మీ దొర మీ తీరుగ పండుకుండు, తూర్పు దిక్కు కాళ్లు వెట్టి. మా అవ్వ మా తీరుగ పండుకుంది, దక్షిణం దిక్కు తల వెట్టి. ఎవరి తీరు వాళ్లది. కాపురం గూడ గట్లనే జేసిండ్రట." అవ్వ ఆ బండ మీద దుమ్ము కొంగుతో తుడిచింది. "మా తాత ఆమె కొడుకు. నన్ను సంకలేసుకోని ఈడికి తీస్కొచ్చి చూపిచ్చిండు. మా నాయనను మా తాత గన్నడు, నన్ను మా నాయన గన్నడు, అందరం గీమె కడుపుల కెళ్లే."

ఆంత్వాన్ గారు కాగితాలు ఏరుకున్నారు. సాయమ్మ పేరు రాసుకున్నారు. తర్వాత మర్యాదగానే అడిగారు: "పెళ్లి ఎక్కడ జరిగింది? ఏ చర్చిలో?"

"చర్చి యాడిది అప్పుడు?"

"మరి పెళ్లి అయిందని ఎలా అనుకోవాలి?"

అవ్వ ఆయనను కింద నుంచి పైదాకా చూసింది. "మావోళ్లను బొంద వెట్టే బొందలగడ్డ వాగుకు అవతల మా ఊరి పక్కనే ఉన్నది. ఉంచుకున్నదైతె ఆమెను తల్లిగారోళ్ల బొందలగడ్డలనే పెడుదురు. లేకుంటె ముట్టనే ముట్టకపోదురు. కులపోళ్లు ఆమెను అది దాటిచ్చి, వాగు దాటిచ్చి, గుట్ట మీదికి మోసిండ్రు. డప్పు గొట్టుకుంట మోసిండ్రు. కట్టుకున్నోని జాగల పెట్టిండ్రు. ఊరికనె మోస్తరా?"

రూతమ్మ పక్కనుంచి అంది: "మాలో అదే సాక్ష్యమండీ. నలుగురు మోసి మొగుడి జాగాలో పెడితే పెండ్లామే."

ఆంత్వాన్ గారు కలం మూశారు. అబద్ధం చెప్పే మనిషి కాదాయన. "నాకు నమ్మకం కుదిరిందమ్మా. కానీ ఆ పుస్తకం నా ఒక్కడిది కాదు. పాండిచ్చేరిలో పెద్దలున్నారు. చర్చి పత్రం గానీ కచేరీ పత్రం గానీ లేకపోతే భార్య అని ఒప్పుకోరు. 'స్థానిక స్త్రీ' అని రాసి, కింద మీ పేర్లన్నీ చేర్పిస్తాను. మీకు లోటు ఉండదు."

"సాయమ్మ అనే పేరు?" అని రూతమ్మ అడిగింది.

"పేరు రాయరమ్మా, అలాంటి చోట."

"అలాంటి చోట" అని రూతమ్మ ఆ మాటే మళ్లీ అంది. తర్వాత, "మీ ముత్తాత గారు, అదే జాకు తమ్ముడు, ఎవరిని చేసుకున్నారు?"

"పాండిచ్చేరి పిల్లనే. చర్చిలో పెళ్లయింది. బాప్తిస్మమిచ్చి 'మరీ' అని పేరు పెట్టారు."

"అంతకు ముందు ఆమె పేరేమిటి?"

ఆయన తన కాగితాలు తిరగేశారు. "తెలియదు."

"ఆమెది ఏ ఊరు? ఎవరి బిడ్డ?"

"తెలియదమ్మా."

"మాకు తెలుసు. సాయమ్మ. వాగు అవతలి మా పల్లె పిల్ల. ఆమె ఇక్కడే ఉంది. ఆమె పేరు లేని పుస్తకంలో మా పేర్లు వద్దు. కొట్టేయండి."

"అలా అయితే జాకు దగ్గరే శాఖ ఆగిపోతుందమ్మా. నిస్సంతు అని పడుతుంది."

"పడనీయండి. నిస్సంతు వాడి మునిమనుమరాలు రాత్రి మీకు రొట్టె పెట్టింది, అది కూడా రాసుకోండి."

అవ్వ పెద్దగా నవ్వింది. ఆంత్వాన్ గారికి కూడా నవ్వు వచ్చింది, ఆపుకున్నారు. మా అందరి ఎదుటా మా పేర్లు రాసిన కాగితాన్ని మడిచి రూతమ్మ చేతికిచ్చారు. సాయమ్మ బండ చుట్టూ తిరిగి దూరంగా నిలబడి టోపీ తీశారు. అంతకు మించి ఏమీ మాట ఇవ్వలేదు. మేమూ అడగలేదు.

మధ్యాహ్నానికి బండి ఊళ్లోకి తిరిగొచ్చింది. కల్లు దుకాణం ముందు జనం ఎక్కువగానే ఉన్నారు. నిన్నటి దుకాణదారు దారికి అడ్డం వచ్చాడు.

"ఏమవ్వా, దొర రాసిండా? కట్టుకున్నదా, ఉంచుకున్నదా?"

నేను బండివాణ్ని ముందుకు పొమ్మన్నాను. అవ్వ ఆపమంది. బండి పక్క కర్ర పట్టుకుని బండి మీదే నిలబడి, జనంలో ఉన్న తన కులపోళ్ల వైపు తిరిగింది.

"రాయలె. రాయనన్నడు. రాయకపోతె ఏంది? మీ తాతలు డప్పు గొట్టుకుంట మోసిన పెండ్లామురా ఆమె! మీ తాతలకు తెలిసింది మీకు తెల్వదా? తెల్వకుంటె పోయి చూసి రాండ్రి, దక్షిణం తల వెట్టి మొగని కాళ్లకాడ పండుకోని ఉన్నది. నేనైతె దొరనే లేపిన ఆమె మీదికెళ్లి. మీరొక లెక్కనా?"

ఎవరూ నవ్వలేదు. వెనక కూర్చున్న ఒక ముసలాయన, "మా తాత గూడ మోసిండట, మా నాయన అనెటోడు" అన్నాడు, ఎవరినీ చూడకుండా. దుకాణదారు దారి వదిలాడు.

ఆంత్వాన్ గారిని దేవరకొండ బస్సు ఎక్కించి వచ్చాక నేను ఈ సంగతి చాలాసార్లు ఆలోచించాను. మేము దొర చేతి రాతకోసం బయలుదేరాం. అది ఉంటేనే ఊరు నోరు మూసుకుంటుందనుకున్నాం. ఆ రాత రాలేదు. అవ్వ బండి మీద నిలబడి తన మాట తానే చెప్పుకుంది, అదీ అందరికీ వినపడేటట్టు. ఫ్రెంచి వాళ్ల పుస్తకంలో జాకు పేరు పక్కన ఏం పడుతుందో నాకు తెలియదు. ఏం పడినా జాకోళ్లు జాకోళ్లే, సాయమ్మ బిడ్డలే. తనను ఎవరు పెళ్లామని ఒప్పుకోవాలో సాయమ్మ బతికుండగానే తేల్చుకుంది. ఆమె మనుషులు ఒప్పుకుని, భుజాన మోశారు. మూడో ఊరి వాళ్ల సంతకం కోసం ఆమె గుట్ట మీద ఎదురుచూడటం లేదు.

ఇలా పూర్వీకులను వెతుక్కుంటూ మా వైపు వచ్చేవారికి ఒక్క సలహా. ఇంటిపేరు పట్టుకుని పోతే మగవాళ్లే దొరుకుతారు. ముందుగా ఆ ఇంటి కోడళ్ల తల్లిగారి ఊళ్లు ఏవో అడగండి, ఆ ఊళ్ల బొందలగడ్డలకు పోయి, ఆ కోడలిని ఇక్కడ పెట్టారా అని ముసలివాళ్లను అడగండి. లేదన్నారంటే, ఆమెను ఎక్కడికి మోసుకుపోయారో కూడా వాళ్లే చెబుతారు.