సార్ పంపిన సగం కోడ్

మా సార్ మా టీములో చేరుతున్నారని తెలిసిన రోజు నాకు సంతోషంకంటే బెరుకే ఎక్కువైంది. నందికొట్కూరులో ఆయన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. డిగ్రీ చదివే రోజుల్లో నేను ప్రోగ్రామింగ్ నేర్చుకున్నది అక్కడే. పిల్లలు రావడం తగ్గి ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక, కర్నూలులో నేను పనిచేసే చిన్న కంపెనీకి వచ్చారు. అప్పటికి నేను టీము లీడ్‌ని. అంటే ఆయన రాసిన కోడ్ చూసి, బాగుందో లేదో చెప్పాల్సింది నేనే.

బేతంచెర్లలో నాపరాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీల కోసం మేం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నాం. లారీలో వెళ్తూ పగిలిన బండల్ని బిల్లులోంచి తీసేసే భాగం సార్‌కిచ్చాను. మా దగ్గర ఒక అలవాటుంది. పని పూర్తి కాకపోయినా, రాసినంతవరకూ 'డ్రాఫ్ట్' అని పెట్టి మిగతావాళ్లకు చూపిస్తాం. దారి తప్పితే మొదట్లోనే ఎవరో ఒకరు చెప్తారు.

సార్ మాత్రం ఏమీ పంపలేదు. అడిగినప్పుడల్లా, "అయితాందమ్మా. అంతా అయినాక ఒకేసారి చూద్దువులే" అనేవారు. నేను ఆయన కుర్చీ వెనక నుంచి వెళ్తే చాలు, స్క్రీన్ మీద ఇంకేదో తెరిచేవారు. గట్టిగా అడగడానికి నాకు నోరు రాలేదు.

ఒక మధ్యాహ్నం మిగతావాళ్లు భోజనానికి బయటికి వెళ్లాక ఆయన పక్కన కూర్చున్నాను.

"సార్, సగం రాసింది చూపిస్తే ఏమైతాది?"

ఆయన టిఫిన్ డబ్బా మూత తీస్తూ ఆగారు. "నీకు నేర్పిచ్చినోణ్ణి నేను. నా తప్పులు నీకెట్ల చూపీమంటావమ్మా?"

నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

"మీరు ముందే రాసుకోని వచ్చి బోర్డు మీద ఎక్కిచ్చేవాళ్లు కాదు గదా సార్. మా ముందరే రాసేవాళ్లు. తప్పు పోతే చెరిపేసి, ఈడ ఏం రావల్లో చెప్పండి అని మమ్మల్నే అడిగేవాళ్లు. మేం నేర్చుకునింది అది చూసే."

ఆయన డబ్బా మూత బల్ల మీద పెట్టారు. "అప్పుడు భయం లేదమ్మా. అందరికంటే నాకే ఎక్కువ తెలుసనుకుంటాంటి" అన్నారు. డబ్బాలోని బొరుగుల ఉగ్గాని సగం మూతలో వేసి నా ముందుకు జరిపారు. ఇద్దరం తిన్నాం. నేను మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

సాయంత్రం టీ వేళకి సార్ డ్రాఫ్ట్ వచ్చింది. దాని కింద ఒకే మాట: "ఇంకా కాలేదు. ఆఖర్న గందరగోళంగా ఉండాది. చూడు."

కోడ్ ఆయన దస్తూరీలాగే శుభ్రంగా ఉంది. కానీ పగిలిన బండలు ఎన్ని అని లెక్కపెట్టి తీసేస్తోంది. ఫ్యాక్టరీవాళ్లు బిల్లు వేసేది చదరపు అడుగుల్లో. పెద్ద బండ పగిలినా, చిన్న ముక్క పగిలినా ఒకే మొత్తం తగ్గిపోతోంది. ఆ మాట మర్యాదగా ఎలా రాయాలో తెలియక రాసి, తుడిపేసి, చివరికి లేచి ఆయన దగ్గరికే వెళ్లాను.

"సార్, ఈ బండలన్నీ ఒకే సైజా?"

ఆయన స్క్రీన్ వంక చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. "అయ్యో, తప్పుదోవలో శానా దూరం పోయినానే!" అంటూ పగలబడి నవ్వారు. మా ఆఫీసుకు వచ్చాక ఆయన అలా నవ్వడం అప్పుడే విన్నాను. కుర్చీ జరిపి నాకు చోటిచ్చారు. ఆ వారమంతా ఆ భాగాన్ని ఇద్దరం పక్కపక్కన కూర్చుని సరిచేశాం. ఫ్యాక్టరీవాళ్లు దాన్ని ఇప్పుడు రోజూ వాడుతున్నారు.

అప్పట్నుంచి టీములో అందరికంటే ఎక్కువ డ్రాఫ్టులు ఆయనవే. రెండు లైన్లు రాసినా పంపేస్తారు. నావీ వదలరు. మొన్న నా డ్రాఫ్ట్‌లో బండ కొలతకు ఉత్త 'ఎక్స్' అని పేరు పెట్టడం చూసి, తన సీట్లోంచే కేకేశారు.

"ఈ పేరేందమ్మా? రేపు చదివేటోళ్లకి ఏమర్థమైతాది?"

నేను క్లాసులోలాగే టక్కున లేచి నిలబడి, "మారుస్తా సార్" అన్నాను. ఆఫీసంతా ఒకటే నవ్వు.