మా పడవ ఉత్తరానికి పోయిన ఏడు

పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పల్లెకు నన్ను ఎలిమెంటరీ బడి అయివోరుగా వేసినప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. యాభైల చివరి మాట. మాది వాకాడు పక్కన వరి పండించే ఊరు. మా ఇంట్లో ఎవరికీ పడవ అలవాటు లేదు. ఏరు దాటాల్సి వస్తే మా నాయన బల్లకట్టు మీద కళ్ళు మూసుకుని నిలబడేవాడు. అలాంటి ఇంటి నుంచి వచ్చిన నేను మొదటి నెల తిరక్కముందే నీళ్ళ పిచ్చిలో పడ్డాను.

ఆ పిచ్చి పట్టించింది బడి వెనక ఇంటాయన. చేపలు పట్టి బతికే మనిషి, నాకన్నా పదేళ్ళు పెద్ద. తెరచాప నడపడంలో ఆ ఒడ్డున ఆయన్ని మించినవాడు లేడని అందరూ ఒప్పుకునేవాళ్ళు. నేను ఆయన్ని అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయనకు చదువు రాదు. ఒక ఆదివారం ఊరికే ఒడ్డున కూర్చుని ఉంటే, "రండి అయివోరా, ఎండ తగ్గేలోపల వచ్చేస్తాం" అని ఎక్కించుకున్నాడు. ఒడ్డు కాస్త దూరం కాగానే చుక్కాని నా చేతికిచ్చి తను ముందుకు పోయి కూర్చున్నాడు.

"నాకు రాదన్నా" అన్నాను.

"గాలి మీ ఎడం చెంప మీద తగలతా ఉండాల. ముక్కు మీదికి వచ్చిందంటే మీరు తప్పు పోతావుండారని. అంతే, ఇంకేం లేదు."

అంతే కాదని తర్వాత తెలిసింది. కానీ నాకు మొదట ఒంటబట్టింది ఆ చెంప పాఠమే. ఇప్పటికీ గాలి ఎటునుంచి వస్తోందో చూడాలంటే ఆకుల వంక చూడను. చెంప తిప్పుతాను.

రెండేళ్ళు ఆదివారాలన్నీ ఆ నీళ్ళ మీదే గడిచాయి. నాకు ఇష్టమైన చోట్లు మూడు. ఇరకం దీవికి తూర్పున, పొద్దున పూట. అక్కడ లోతు నడుము దాటదు. గాలి లేవకముందు అడుగున పీతలు నడిచిన గీతలు కూడా కనిపించేవి. గెడ వేయడానికి కూడా మనసొప్పేది కాదు, బురద లేచి ఆ గీతలు చెరిగిపోతాయని. రెండోది వేనాడు దీవికీ శ్రీహరికోటకూ మధ్య నీళ్ళు. మధ్యాహ్నం దాటాక పైరగాలి పట్టుకుంటే పడవ ఒక పక్కకు వొరిగి, అంచు నీళ్ళను కోసుకుంటూ పోయేది. శ్రీహరికోట అడవుల్లోని కట్టెలు నింపుకుని మద్రాసుకు పోయే పెద్ద పడవలు అక్కడ ఎదురయ్యేవి. మూడోది రాయదొరువు దగ్గర, సరస్సు సముద్రంలో కలిసే మొగ. పోటు తిరిగే వేళకు అక్కడ నీళ్ళు రెండు రంగులుగా విడిపోతాయి. ఆ గీత మీద పడవ నిలపడం నా వల్ల అయ్యేది కాదు. అన్న నిలిపేవాడు. ఎట్లా నిలుపుతున్నావని అడిగితే, "ఏమో అయివోరా, కాళ్ళకి తెలస్తాది" అనేవాడు.

ఆ రెండేళ్ళూ తిరిగింది ఆయన వాళ్ళ పాత చేపల పడవలో. తర్వాత మాకే ఒకటి ఉండాలనిపించింది. మా ఊళ్ళో పాత ఇల్లు విప్పినప్పుడు నా వాటాకు టేకు దూలాలు వచ్చాయి. నా పెళ్ళయితే ఇల్లు కట్టుకోవడానికని అమ్మ వాటిని పశువుల కొట్టంలో దాచిపెట్టింది. వాటిని రెండు బండ్ల మీద వేసుకుని ఒడ్డుకు తెచ్చాను. అమ్మ నాతో నెల రోజులు సరిగా మాట్లాడలేదు. పలకలు కోయించడం, వడ్రంగి పక్కన నిలబడి కట్టించడం, సందుల్లో నూలు కుక్కి గుగ్గిలం పూయడం, అంతా అన్న పని. పన్నెండు మూరల పొడవు. ఇద్దరు పడుకోవచ్చు, వంట కుండలు పెట్టుకోవచ్చు. బకింగ్‌హాం కాలువలో తిరగడానికి సర్కారు కాగితం కావాలంటే అన్న పేరు మీదే తీయించాం. బడిపంతులు పేరు మీద పడవేందని నలుగురూ నవ్వుతారని నేనే అన్నాను.

ఆ పడవ సరస్సులో తిరగడానికి మాత్రమే కట్టింది కాదు. శ్రీహరికోట అంచున పోయే బకింగ్‌హాం కాలువ పట్టుకుని ఉత్తరానికి పోతే కృష్ణపట్నం, ఇంకా పైకి పోతే పెదగంజాం, అక్కడినుంచి కృష్ణ కాలువలు, బెజవాడ, ఏలూరు, గోదావరి, చివరికి కాకినాడ. అంత దూరం తెరచాప మీద పోవాలి, చాపకు గాలి అందని చోట తాడు కట్టి గట్టు మీద నడిచి లాగాలి. ఇదీ మా కోరిక. అంత పొడుగునా పోయిన సరుకు పడవల వాళ్ళు ఎవరు ఆగినా నేను కూర్చోబెట్టి అడిగేవాణ్ణి. ఏ లాకు ఎప్పుడు తెరుస్తారు, ఎక్కడ ఇసక మేట ఉంది, తాగడానికి మంచి బావి ఎక్కడ, ఏ గట్టున దొంగల భయం. అన్నీ ఒక నోటుపుస్తకంలో రాశాను. సరస్సులో మేం తిరిగిన చోట్లు కూడా అందులోనే.

ఒకటే చిక్కు. నా సెలవులు ఎండాకాలంలో. ఎండాకాలంలో నీళ్ళు ఆపి కృష్ణ కాలువలు కట్టేస్తారు. మాఘ పున్నమి దాటి దక్షిణపు గాలి పుట్టాక బయలుదేరితే, కాలువలు కట్టేసే లోపల కాకినాడ పోయి రావొచ్చు. అంటే బడి జరుగుతుండగా నెలన్నర సెలవు దొరకాలి. మూడేళ్ళు ఒక్క రోజు కూడా సెలవు వాడుకోకుండా ఉండిపోయాను. జ్వరంతో కూడా పాఠం చెప్పాను.

అలా సెలవులు కూడబెట్టిన మూడో ఏడు చలికాలంలో మద్రాసు నుంచి ఒకాయన వచ్చాడు. పక్షులను చూసే సరదా మనిషి. మెడలో దుర్భిణి. నాలుగు రోజులు మా పడవలో తిప్పాం. నోటుపుస్తకం చూపించాను. ఆయన తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. అందుకని నేనే చదివి వినిపించాను. "ఇంత వివరంగా ఎవరూ రాయలేదండి" అన్నాడాయన. ఇంకేం, పొంగిపోయి సాయంత్రం దాకా చదివాను. అన్న చుక్కాని దగ్గర కూర్చుని ఉన్నాడు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. గాలి చూసుకుంటున్నాడనుకున్నాను.

ఆ ఏడే నాకు సెలవు మంజూరైంది. సోమవారం బయలుదేరాలని అనుకున్నాం. శుక్రవారం అన్న వచ్చి, "అయివోరా, ఆ పుస్తకం రెండు దినాలు నాకియ్యండి. మా బామ్మర్ది చేత చదివించుకుని దారి మనసులో పెట్టుకుంటా" అన్నాడు. ఇచ్చాను. అమ్మకు చెప్పి రావడానికి మా ఊరు పోయాను.

ఆదివారం మధ్యాహ్నం తిరిగి వచ్చాను. నెత్తిన మూట. అందులో వేయించిన పిండి, చింతకాయ తొక్కు, కొత్త కొబ్బరి తాడు. ఒడ్డున మా పడవ కట్టే గుంజ ఉంది, పడవ లేదు. సరుకు ఎక్కించుకోవడానికి అవతలికి పోయుంటాడనుకుని మూట దించి కూర్చున్నాను. కాసేపటికి అన్న భార్య నీళ్ళ బిందెతో అటువైపు వచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది.

"అన్న ఎటు పోయినాడక్కా?" అన్నాను.

ఆమె బిందె చంక మార్చుకుంది. "మీకు చెప్పలేదా అయివోరా? నిన్న తెల్లారే పోయినారు. ఆ మద్రాసాయన వచ్చినాడు. మీకు సెలవు దొరకలేదని మా ఇంటాయన చెప్పినాడే మాతో."

సెలవు కాగితం నా జేబులోనే ఉంది. ఆమెకు చూపించబోయి మానుకున్నాను. చూపించి ఏం చేయాలి? ఆమె చేత ఆయన్ని తిట్టించాలా? "అవునక్కా, దొరకలేదు" అన్నాను.

ఆ నెలన్నరా మా ఊళ్ళోనే గడిపాను. పడవకు చిల్లి పడిందని అమ్మకు చెప్పాను. ఆమె నా ముఖం వంక చూసి ఇంకో ముద్ద అన్నం వేసింది. పొద్దున లేస్తే ఈపాటికి కృష్ణపట్నం దాటుంటారు, ఈపాటికి పెదగంజాం అని లెక్క వచ్చేది. వద్దనుకున్నా వచ్చేది. దారంతా నాకు నోటికి వచ్చు. అందుకే వాళ్ళ వెంటబడి పోకుండా ఉండలేకపోయాను.

సెలవు అయిపోయి బడికి వచ్చాక, వాళ్ళు తిరిగి వచ్చిన సంగతి నాకు పిల్లలు చెప్పారు. రెండు రోజులు చూశాను. ఆయన రాలేదు. మూడో రోజు నేనే పోయాను. అన్న వల బాగు చేసుకుంటున్నాడు. మనిషి నల్లబడ్డాడు. లోపలికి పోయి నోటుపుస్తకం తెచ్చి నా పక్కన పెట్టాడు. తడిసి ఉబ్బిపోయింది. అంచుల్లో ఎవరో ఇంగ్లీషులో రాశారు.

"ఎందుకు చేసినావన్నా?" అన్నాను.

వల దారం ముడేసి పళ్ళతో తెంపాడు. తర్వాత అన్నాడు. "ఆ దినం ఆయనకి చదివి వినిపించినారే, అందులో నేను యాడుండా? ఇరకం కాడ ఇసక తిన్నె నేను కనుక్కున్నా అని చదివినారు. మొగ కాడ గాలి చూసి నేను మళ్ళించినా అని చదివినారు. ఆ గాలి చూసింది ఎవురు అయివోరా?"

ఆయన చెప్పింది నిజం. రాసేటప్పుడు అది నాకు తోచనే లేదు. "అది తప్పే. అప్పుడే చెప్పుంటే దిద్దుకుని ఉందును. దానికి పడవ తీసుకుని పోతారా? మూడేళ్ళు కూడబెట్టుకున్నానే ఆ సెలవు, నీకు తెలుసు గదా" అన్నాను.

"తెలుసు" అన్నాడు. "మీరుంటే అది మీ పడవ అయిపోతాది. ఆయన ఉంటే నాది."

నేను లేచి వచ్చేశాను. పడవలో నా వాటా అడగలేదు. ఏమని అడగాలి, దూలాలు ఊడదీసి ఇమ్మనా? ఆ ఎండాకాలంలోనే బదిలీకి అర్జీ పెట్టుకుని కృష్ణపట్నం వైపు ఒక బడికి మారిపోయాను. అక్కడా కాలువ ఉంది, కాలువలో పడవలూ ఉన్నాయి. చాలాకాలం నేను ఆ గట్టు మీదికే పోలేదు.

నాలుగైదేళ్ళ తర్వాత, అరవైల మధ్యలో, దసరా సెలవుల్లో ఉప్పు పడవ ఒకటి ఉత్తరానికి పోతుంటే ఎందుకో ఎక్కాను. ఆ పడవ వాళ్ళ పిల్లలు నా బడిలోనే చదివేవాళ్ళు. మూడో రోజు ఒక లాకు దగ్గర నీళ్ళు సమానం అయ్యేదాకా ఆగాల్సి వచ్చింది. లాకు చూసుకునే పెద్దాయన మజ్జిగ ఇచ్చి, ఎక్కడినుంచని అడిగాడు. నెల్లూరు వైపన్నాను.

"కొన్నేళ్ళ కిందట మీవైపు నుంచే ఓ చిన్న తెరచాప పడవ వచ్చిందండి" అన్నాడు. "ఇద్దరే మనుషులు. పడవాయన దగ్గర ఓ నోటుపుస్తకం ఉంది. మా లాకు సంగతులు కూడా రాసున్నాయి. ఎవరు రాశారయ్యా అంటే, మా ఊరి అయివోరు రాశాడు, పోయినేడు జ్వరమొచ్చి చనిపోయాడు అన్నాడు. ఆయన కోరిక తీర్చడానికే బయలుదేరామన్నాడు. చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడండి. మా ఆడవాళ్ళు వాళ్ళకి ఆ పూట అన్నం వండిపెట్టారు."

మజ్జిగ గ్లాసు నా చేతిలోనే ఉంది. తాగడం మరిచిపోయాను. "ఆ అయివోరి గురించి ఇంకేమన్నా చెప్పాడా?" అని అడిగాను.

"సొంత తమ్ముడి లెక్క అన్నాడు. అంత తొందరగా చుక్కాని పట్టడం నేర్చుకున్నవాణ్ణి తను చూడలేదన్నాడు. ఎందుకండీ, మీకు తెలిసినవాడా?"

"విన్నాను" అన్నాను.

ఆయన పడవ తీసుకుపోయినందుకు అన్నాళ్ళూ బాధపడ్డాను. అది ఒక రకం. ఇది వేరు. నాలుగేళ్ళు పక్కన కూర్చుని ఒక్కసారి కూడా నాతో అనని మాట, నేను చచ్చిపోయానని చెప్పి ఎవరో లాకు కాపలావాడి దగ్గర అన్నాడు. ఆ కన్నీళ్ళు అబద్ధమైతే నన్ను అమ్ముకుని అన్నం తిన్నట్టు. నిజమైతే ఇంకా అన్యాయం. బతికి ఉన్నవాణ్ణి పక్కన పెట్టుకోలేక చచ్చినవాణ్ణి చేసి ఏడ్చాడు. రెండింటిలో ఏదో నేను ఈనాటికీ తేల్చుకోలేదు. ఉప్పు పడవ వాళ్ళకు ఒంట్లో బాగాలేదని చెప్పి అక్కడే దిగిపోయాను. రోడ్డు దాకా నడిచి నెల్లూరు బస్సెక్కాను.

ఆ తర్వాత ఆయన్ని ఒకసారే చూశాను, వాకాడులో బస్సుల దగ్గర. చేతిలో సంచి, పక్కన పెళ్ళయిన కూతురు. నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. తల నెరిసింది. కూతురితో, "మా అయివోరమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి దండం పెట్టింది.

"బాగుండారా అయివోరా?"

లాకు దగ్గర విన్నది అడగాలనుకున్నాను. నోటిదాకా వచ్చింది. కూతురి ముందు అడగలేకపోయాను.

"బాగుండా అన్నా" అని నా బస్సెక్కి, వాళ్ళున్న వైపు కాకుండా అవతలి కిటికీ దగ్గర కూర్చున్నాను.